3 గ్రాముల పాలపిట్ట

మన ఇళ్లలో వెండి వస్తువు ఏది కనపడినా ముందు వచ్చే ప్రశ్న ఒకటే. "ఎన్ని తులాలు?" కుంకుమ భరిణె అయినా, కాళ్ల పట్టీలైనా, పాపాయి ఉగ్గుగిన్నె అయినా అంతే. షాపులో కూడా ముందు త్రాసులోనే పెడతారు. బరువు ఇంటూ రేటు, దాని మీద తరుగు, ఆ పైన మజూరి, చివర్లో జీఎస్టీ. బిల్లు రెడీ. ఈ లెక్క మనకి ఎంత అలవాటైపోయిందంటే, వెండిని ఇంకో రకంగా కూడా లెక్క కట్టొచ్చన్న ఆలోచనే రాదు.

ఈ వారం ఆ త్రాసుకి సరిగ్గా దొరకని ఒక వస్తువు గురించి మాట్లాడుకుందాం. వెండి తీగ, అక్రిలిక్ ముక్కలు కలిపి చేత్తో చేసే బ్రూచ్‌లు. అందులోనూ జంతువులు, పక్షుల బొమ్మలతో చేసేవి. వారంలో ఐదు రోజులు కోడ్ రాసే నేను, రెండేళ్లుగా శని, ఆదివారాలు వీటితో గడుపుతున్నాను. ఉడుత, తొండ, గుడ్లగూబ, మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో స్కూటర్ల మధ్య పడుకునే గోధుమరంగు కుక్క... ఇలా చాలానే పిన్నులెక్కాయి. వీటన్నిట్లో నాకు ఎక్కువ పాఠం చెప్పింది పాలపిట్ట. దాని సంగతే చెప్తాను. చేసే పద్ధతి, కావాల్సిన సామాను, చివర్లో ధర లెక్క కూడా. అసలు గొడవంతా ఆ ధర దగ్గరే.

పిన్ను కూడా మాట్లాడుతుంది

బ్రూచ్ అంటే బ్రహ్మవిద్యేం కాదు. అలంకారానికి పెట్టుకునే పిన్ను. మనకి చీర పిన్నుగా బాగా తెలుసు. పైట జారకుండా, భుజం మీద కుచ్చిళ్లు చెదరకుండా పట్టుకుంటుంది. ఈమధ్య పెళ్లిళ్లలో అబ్బాయిలు కూడా షేర్వాణీ మీద పెడుతున్నారు. ఉంగరాన్ని మనమే రోజంతా చూసుకుంటాం. బ్రూచ్‌ని మాత్రం అద్దం ముందు తప్ప మనం చూసుకోం. అది పూర్తిగా ఎదుటివాళ్ల కోసమే.

అందుకే దానితో మాట్లాడినవాళ్లు ఉన్నారు. 1994లో మెడలిన్ ఆల్‌బ్రైట్ ఐక్యరాజ్యసమితిలో అమెరికా రాయబారి. ఇరాక్ ప్రభుత్వ పత్రికలు ఆవిడని పాముతో పోల్చాయి. ఆ తర్వాత ఇరాక్ ప్రతినిధులతో మీటింగ్‌కి ఆవిడ పాము బ్రూచ్ పెట్టుకుని వెళ్లారు. ఒక్క మాట అనాల్సిన పని లేకపోయింది. తర్వాత అమెరికా విదేశాంగ మంత్రి అయ్యారు. 2009లో తన పిన్నుల కథలతో 'రీడ్ మై పిన్స్' అని ఒక పుస్తకమే రాశారు.

ఇంకొకటి మీలో చాలామంది ఫోన్లలో చూసే ఉంటారు. 2019 సెప్టెంబరులో బ్రిటన్ సుప్రీంకోర్టు అధ్యక్షురాలు లేడీ హేల్, పార్లమెంటు సమావేశాలను ప్రభుత్వం నిలిపేయడం చెల్లదని తీర్పు చదివారు. నల్ల డ్రెస్సు, దాని మీద తళతళలాడే పెద్ద సాలీడు బ్రూచ్. తీర్పు ఎంత వైరల్ అయిందో సాలీడూ అంతే అయింది. టీషర్టుల మీదకి ఎక్కేసింది.

వెండికి ప్లాస్టిక్ తోడైన కథ

"వెండితో ప్లాస్టిక్కా?" అని మా ఇంట్లో మొదట్లో అందరూ ముఖం చిట్లించారు. కానీ ఈ జోడీ కొత్తదేం కాదు. రెండో ప్రపంచ యుద్ధం నాటిది.

అప్పట్లో అమెరికాలో ఫ్యాషన్ నగలు చవక లోహాలతో చేసేవారు. యుద్ధం రాగానే ఆ లోహాలు ఆయుధాలకి కావాల్సొచ్చి, నగల తయారీకి ఆంక్షలు పెట్టారు. దాంతో కంపెనీలు స్టెర్లింగ్ వెండి వైపు తిరిగాయి. అదే కాలంలో అక్రిలిక్ అనే పారదర్శకమైన ప్లాస్టిక్ యుద్ధ విమానాల కిటికీలకి, పైకప్పులకి విరివిగా వాడుతున్నారు. గాజులా కనిపిస్తుంది, గాజంత బరువుండదు. ట్రిఫారీ అనే నగల కంపెనీలో ఆల్‌ఫ్రెడ్ ఫిలిప్ అనే డిజైనర్ ఉండేవాడు. ఆయన హయాంలో వెండితో కోడిపుంజులు, చేపలు, పెంగ్విన్‌ల ఆకారాలు చేసి, పొట్ట దగ్గర ఉబ్బెత్తుగా అక్రిలిక్ బిళ్ల పొదిగారు. చూస్తే నీటిబొట్టు మింగిన పిట్టలా ఉంటుంది. పాత నగలు సేకరించేవాళ్లు వీటిని 'జెల్లీ బెల్లీ' అని ముద్దుగా పిలుచుకుంటారు. విమానం అద్దాల్లో పక్కన పడేసిన ముక్కలతోనే మొదటివి చేశారని వాళ్లలో ఒక కథ కూడా ఉంది.

ఇప్పుడు ఆ పాత బ్రూచ్‌ల కోసం పోటీపడి వేలంపాటలు పాడుతున్నారు. గమనించండి, అక్కడ ఎవరూ ప్లాస్టిక్ కిలో ఎంత అని అడగట్లేదు.

పాలపిట్టే ఎందుకు?

పాలపిట్ట మనకి కొత్త పరిచయం అక్కర్లేదు. తెలంగాణ రాష్ట్ర పక్షి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కీ అదే ఉండేది. దసరా రోజు జమ్మిచెట్టు దగ్గరికి వెళ్తూ దాన్ని చూస్తే మంచిదని మనవాళ్ల నమ్మకం. ఆ నమ్మకమే దాని ప్రాణం మీదకి తెస్తోంది కూడా. పండక్కి పట్టుకొచ్చి, పంజరంలో పెట్టి, డబ్బులు తీసుకుని చూపించేవాళ్లున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. పంజరంలో పాలపిట్ట కన్నా పైట మీద పాలపిట్ట నయం కదా అనుకుని మొదలుపెట్టాను.

కాగితం మీద గీయడం మొదలుపెట్టాక అసలు విషయం తెలిసింది. కరెంటు తీగ మీద కూర్చున్న పాలపిట్టని చూడండి. గోధుమరంగు రొమ్ము, మామూలు పిట్టలాగే ఉంటుంది. ఎగిరినప్పుడే రెక్కల్లో లేతనీలం, ముదురునీలం పట్టీలు ఒక్కసారిగా విచ్చుకుంటాయి. అంటే కూర్చున్న పిట్టని చేస్తే పాలపిట్ట అని ఎవరూ గుర్తుపట్టరు. రెక్క విప్పాల్సిందే. మిగతా జంతువులకీ ఇదే సూత్రం. ఒక జంతువుని దూరం నుంచి చూసి కూడా "అదిగో ఫలానా" అనిపించే గీత ఒకటుంటుంది. ఉడుతకి తోక, తొండకి ఎత్తిన తల, గుడ్లగూబకి కళ్ల చుట్టూ గుండ్రాలు. ఆ ఒక్క గీత దొరికితే మిగతావి వదిలేసినా ఫర్వాలేదు. బ్రూచ్ సైజు 4 సెంటీమీటర్లే. అందులో అన్నీ పెట్టాలని చూస్తే ఏదీ కనపడదు.

తీగ లెక్క

స్టెర్లింగ్ వెండి అంటే వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి, మిగతాది ఎక్కువగా రాగి. అందుకే 925 అని ముద్ర వేస్తారు. స్వచ్ఛమైన వెండి మరీ మెత్తన. వంచితే వంగుతుంది కానీ ఆకారం నిలబెట్టుకోదు. ఫ్రేముకి స్టెర్లింగే నయం.

పాలపిట్టకి నేను వాడేది రెండు మందాల తీగ. బయటి గీతకి 0.8 మి.మీ., ఈకలకి, కుట్టడానికి 0.3 మి.మీ. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. యూట్యూబ్‌లో అమెరికావాళ్ల వీడియో చూసి "20 గేజ్" అని రాసుకుంటారు. వాళ్ల ఏడబ్ల్యూజీ పద్ధతిలో 20 గేజ్ అంటే 0.81 మి.మీ. మన దగ్గర మోటార్ వైండింగ్ షాపుల్లో వాడే ఎస్‌డబ్ల్యూజీలో 20 గేజ్ అంటే 0.91 మి.మీ. అందుకే గేజ్ నంబరు కాకుండా మిల్లీమీటర్లే అడగండి. ఇంకోటి, గేజ్ నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది.

మోటార్ వైండింగ్ షాపు మాట ఎందుకొచ్చిందంటే, ప్రాక్టీసు మొదలుపెట్టాల్సింది అక్కడే. మొదటి పది పిట్టలూ రాగి తీగతో చేయండి. చవక, వెండిలాగే వంగుతుంది. ఆ తీగ మీద ఎనామిల్ పూత ఉంటుంది కాబట్టి దాన్ని మాత్రం మంటలో పెట్టొద్దు, పొగ మంచిది కాదు. వంచడం నేర్చుకోవడానికి మంట అక్కర్లేదు కూడా.

చేతిలో తీగ వంచుతుంటే ఒకటి తెలుస్తుంది. ఒకే చోట అటూ ఇటూ నాలుగుసార్లు వంచితే అక్కడ గట్టిపడుతుంది. ఇంకా వంచితే పుటుక్కున తెగుతుంది. దాన్ని మళ్లీ మెత్తబరచాలంటే సన్నటి ఎరుపు రంగు కనిపించేదాకా కాల్చి చల్లార్చాలి. అంటే సుమారు 600 డిగ్రీల పైమాటే. ఆ వేడిని గుర్తుపెట్టుకోండి, ఇప్పుడే పనికొస్తుంది.

మంట ముందు, అక్రిలిక్ తర్వాత

అక్రిలిక్ 100 డిగ్రీల దగ్గరే మెత్తబడడం మొదలవుతుంది. వెండి అతుకు వేయడానికి దానికి ఎన్నో రెట్ల వేడి కావాలి. కాబట్టి వరస మార్చడానికి వీల్లేదు. మంటతో పనులన్నీ అయిపోయాకే అక్రిలిక్ రంగప్రవేశం. ఆ తర్వాత రెండిటినీ కలపడానికి జిగురు వాడను, మంట అసలే వాడను. తీగతో కుట్టేస్తాను.

మొదట అసలు సైజులో బొమ్మ గీసి, దాని మీదే 0.8 తీగని పెట్టి వంచుకుంటూ పోవాలి. సన్నమూతి పటకారు చాలు. పట్టు మీద గీతలుంటే తీగ మీద గాట్లు పడతాయి, నున్నటి పటకారు తీసుకోండి. ఒక పాలపిట్టకి బయటి గీత, రెక్క మధ్య గీతలు కలిపి 40 సెంటీమీటర్ల తీగ పడుతుంది.

తర్వాత ఈకలు. 0.3 తీగలు రెండు తీసుకుని పురి పెట్టాలి. చేతి డ్రిల్లులో బిగించి తిప్పితే నిమిషంలో పని. ఆ పురిని బల్లపరుపుగా నొక్కితే అంచు మీద చిన్న చిన్న పలుకులు తేలతాయి. దాన్ని కొసకి చుట్టుకుంటూ, గిరకలుగా తిప్పుతూ రెక్క గదుల్లో ఇమడ్చాలి. కళ్లు లాగేది ఇక్కడే. అతుకులకి వెండి టాంకా, వెలిగారం వాడతారు. మంటతో మీకు అలవాటు లేకపోతే ఈ ఒక్క పనీ మీ వీధిలో నగలపని చేసే ఆచారి గారికి ఇవ్వండి. ఐదు నిమిషాల్లో ఆయన చేసేది చూస్తే సగం విద్య వచ్చేస్తుంది. అతుకు తర్వాత నల్లబడ్డ వెండిని నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లలో వేస్తే తెల్లగా వచ్చేస్తుంది. ఆ నీళ్లలో ఇనప పటకారు ముంచొద్దు, వెండి మీద రాగి రంగు పట్టేస్తుంది.

ఇక అక్రిలిక్. కొత్త షీటు కొనక్కర్లేదు. నేమ్‌ప్లేట్లు, షాపు బోర్డులు చేసేవాళ్ల దగ్గర కత్తిరింపులు గుట్టలుగా ఉంటాయి. 2 మి.మీ. మందంలో ఒక లేతనీలం, ఒక ముదురునీలం ముక్క అడిగి తెచ్చుకోండి. వాళ్ల లేజర్ మీద కోయించుకోవచ్చు, సన్నటి రంపంతో చేత్తోనూ కోసుకోవచ్చు. లేజర్‌కి ఇచ్చేది అక్రిలిక్కేనని ఖాయం చేసుకోవాలి. పీవీసీ ముక్క పొరపాటున వెళ్తే వచ్చే పొగ మనిషికీ ప్రమాదం, మెషీన్‌కీ ప్రమాదం. కోసిన అంచుని నీళ్లతో తడుపుతూ వాటర్ పేపర్‌తో రుద్దాలి. 400తో మొదలుపెట్టి, 800, 1200. చివర్లో మెత్తటి గుడ్డతో పాలిష్.

ఇప్పుడు రంధ్రాలు. డ్రిల్లు మెల్లగా తిరగాలి. వేగం పెంచితే అక్రిలిక్ కరిగి బిట్టుకి అతుక్కుంటుంది, ముక్క పగులుతుంది. అంచు నుంచి కనీసం 2 మి.మీ. లోపలికి వేయండి. కుట్టే చోట తీగ రెండు పేటలుగా వెళ్తుంది కాబట్టి 0.3 తీగకి 1 మి.మీ. రంధ్రం పెడతాను. మరీ బిగుతుగా పెట్టకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. వేడికి అక్రిలిక్ వెండి కన్నా మూడు రెట్లకు పైగా వ్యాకోచిస్తుంది. మే నెల మధ్యాహ్నం ఎండలోనూ, ఫంక్షన్ హాల్ ఏసీలోనూ తిరగాల్సిన పిట్ట అది. కాస్త కదలడానికి చోటు లేకపోతే రంధ్రం దగ్గర సన్నటి పగులు మొదలవుతుంది.

చివరగా వెనక పిన్ను. ఇది బొమ్మ మధ్యలో కాకుండా పైభాగంలో ఉండాలి. లేకపోతే పిట్ట ముందుకి తలవాల్చేస్తుంది. పిన్ను సూది మాత్రం స్టీలుదే వాడండి, వెండి సూది వంగిపోతుంది.

ఇంతకీ ఎంత?

40 సెంటీమీటర్ల 0.8 తీగ బరువు 2.1 గ్రాములు. ఈకలకి, కుట్లకి కలిపి 1.2 మీటర్ల 0.3 తీగ, అది 0.9 గ్రాములు. మొత్తం వెండి 3 గ్రాములు. అక్రిలిక్ గ్రామున్నర. ఈ రోజు వెండి రేటు ఎంతుందో చూసి మూడుతో గుణించుకోండి. మీ ఫోన్‌లో వచ్చే అంకె చూసి "ఓస్, ఇంతేనా" అంటారు.

ఇప్పుడు గంటలు. బొమ్మ గీయడానికి అరగంట. ఫ్రేముకి గంట. ఈకలకి రెండు గంటలు. అక్రిలిక్‌కి గంట. కుట్టడానికి గంట. పాలిష్, పిన్ను కలిపి ఇంకో అరగంట. మొత్తం 6 గంటలు. ఇది చెయ్యి తిరిగాక పట్టే టైము.

మొన్నామధ్య మా వదినకి నా పాలపిట్ట తెగ నచ్చేసింది. వాళ్ల చెల్లెలి నిశ్చితార్థానికి రిటర్న్ గిఫ్టులుగా 40 కావాలంది.

"ఎన్ని గ్రాములుంటుంది ఒక్కోటి?"

"వెండి మూడు గ్రాములు వదినా."

"అంతేనా! అయితే గ్రాము రేటు వేసుకుని, పైన మజూరి కింద పదో పదిహేనో శాతం వేసుకో. బయటివాళ్లకి ఇచ్చే డబ్బులేవో నీకే ఇస్తాను."

ప్రేమగానే అంది. నేను ఫోన్ తీసి 40 ఇంటూ 6 కొట్టి చూపించాను. 240 గంటలు. రోజుకి 8 గంటల చొప్పున సరిగ్గా నెల. ఆదివారాలు కూడా సెలవు లేకుండా.

ఆవిడ కాసేపు ఆ అంకె వైపే చూసింది. తర్వాత తనే అంది: "నా బ్లౌజుకి మగ్గం వర్క్ చేయించినప్పుడు పూసలు ఎన్ని గ్రాములని నేను అడగలేదు కదా. డిజైన్ చూపించి, ఎన్ని రోజుల పని అనే అడిగాను."

నేను రెండేళ్లుగా వెతుకుతున్న మాట అది. మగ్గం వర్క్ దగ్గర మనకి ఈ లెక్క ఎప్పుడో తెలుసు. గుడ్డ ఖరీదు వేరు, పని ఖరీదు వేరు. పని ఖరీదు బ్లౌజు కన్నా ఎక్కువైనా ఎవరూ ఆశ్చర్యపోరు. వెండి దగ్గరికి వచ్చేసరికే ఆ తెలివి త్రాసు కింద దాక్కుంటుంది. రిటర్న్ గిఫ్టులకి వదిన కలంకారీ పౌచ్‌లు తీసుకుంది. పెళ్లికూతురికి మాత్రం ఒక్క పాలపిట్ట. దానికి గంటల లెక్కనే డబ్బులిచ్చింది. వద్దన్నా వినలేదు, నేనూ గట్టిగా వద్దనలేదు.

సన్నబడేకొద్దీ తేలికైపోయే పని

నా సంగతి వదిలేయండి. నాకు నెలాఖరికి జీతం పడుతుంది. ఈ త్రాసు లెక్క నిజంగా ఎవరి కడుపు మీద కొడుతుందో తెలియాలంటే కరీంనగర్ వెళ్లాలి.

కరీంనగర్ వెండి తీగపని, అదే ఫిలిగ్రీ, పేరు వినే ఉంటారు. పక్కనే ఉన్న ఎలగందులలో పుట్టి కరీంనగర్‌కి చేరిందని చెప్తారు. 2007లో దీనికి భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్ వచ్చింది. ఒడిశాలోని కటక్ తారకసి కూడా ఇదే కుటుంబానికి చెందిన కళ. దానికి 2024లో వచ్చింది. కరీంనగర్‌లో పాన్‌దాన్‌లు, అత్తరుదాన్‌లు, పళ్లేలు, నెమళ్లు అన్నీ తీగతోనే అల్లుతారు. వెండిని కరిగించి కడ్డీ పోస్తారు. దాన్ని కమ్మచ్చులో పెట్టి లాగుతారు. కమ్మచ్చు అంటే వరసగా చిన్నవవుతూ పోయే రంధ్రాలున్న ఉక్కు పలక. ఒక్కో రంధ్రం దాటినప్పుడల్లా తీగ ఇంకాస్త సన్నబడుతుంది. వెంట్రుకంత అయ్యాక రెండేసి పేటలు పురి పెట్టి, నొక్కి, గిరకలు చుట్టి, ఫ్రేములో ఒత్తుగా నింపి, వెలిగారం, టాంకా పొడి చల్లి మంట చూపిస్తారు. మంట ఒక్క క్షణం ఎక్కువైతే ఆ సన్నటి అల్లికంతా ముద్దైపోతుంది. నేను పైన చెప్పిన ఈకల పనికి ఇదే తల్లివేరు. నేను చేసేది దీని ముందు ఒకటో తరగతి.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చూడండి. ఒక్క గ్రాము స్టెర్లింగ్ వెండి తీసుకుందాం.

0.8 మి.మీ. తీగ లాగితే 19 సెంటీమీటర్లు వస్తుంది.

0.4 మి.మీ. లాగితే 77 సెంటీమీటర్లు.

0.2 మి.మీ. లాగితే 3 మీటర్లకి పైగా.

మందం సగమైన ప్రతిసారీ పొడవు నాలుగింతలు. అదే గ్రాము వెండి, కానీ వంచాల్సిన తీగ పదహారు రెట్లు. పదహారు రెట్లు గిరకలు, పదహారు రెట్లు కంటి చూపు. పని ఎంత నాజూకైతే వస్తువు అంత తేలికవుతుంది. అలాంటి వస్తువుని బరువు లెక్కన కొంటే ఏమవుతుంది? బాగా చేసినవాడికి తక్కువ, మోటుగా చేసినవాడికి ఎక్కువ వస్తుంది. కోడ్ రాసేవాళ్లని లైన్ల లెక్కన కొలిస్తే ఏమవుతుందో ఐటీలో ఉన్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. వంద లైన్ల పనిని పది లైన్లలో చేసినవాడు సోమరి కింద లెక్క.

మజూరి ఉంది కదా అంటారు. ఉంది. కానీ దాన్ని కూడా చాలాసార్లు వెండి ధరలో ఇంత శాతం అనో, గ్రాముకి ఇంత అనో కడతారు. తేలికైన వస్తువు మీద శాతం కూడా తేలికే. పైగా బేరం మొదలయ్యేది అక్కడే. వెండి రేటు మీద ఎవరూ బేరమాడరు, అది పేపర్లో వస్తుంది కాబట్టి. మనిషి గంట రేటు ఏ పేపర్లోనూ రాదు. అందుకే దాన్నే తగ్గించమంటాం.

ఎగ్జిబిషన్ స్టాళ్ల దగ్గర నేను ఈ సీన్ చాలాసార్లు చూశాను. చిన్న వెండి నెమలిని అరచేతిలో పెట్టుకుని పైకీ కిందకీ ఊపుతూ "ఏం బరువే లేదు, ఇంత చెప్తున్నావేంటి" అని అడుగుతారు. బరువు లేకపోవడమే ఆ నెమలి గొప్పతనం. ఆ మాట అవతలివాళ్లకి ఎలా చెప్పాలో తెలియక ఆ పనివాడు ఒక యాభై తగ్గిస్తాడు.

ఒక్క పాలపిట్ట మీ చేత్తో మీరు చేసి చూడండి. తర్వాత ఏ తీగపని వస్తువు చూసినా అందులో గంటలు కనిపిస్తాయి. ఈ హాబీ వల్ల నాకు మిగిలిన లాభం ఇదే. మిగతాదంతా బోనస్.

అమ్మాలనుకుంటే...

ఇన్‌స్టాలో పేజీ పెట్టి అమ్ముదామనుకునేవాళ్లకి మూడు మాటలు. మొదటిది, ధరని రెండు లైన్లుగా రాయండి: సామాను ఇంత, పని ఇన్ని గంటలు. గంటలు దాచకండి. మీరు ఉద్యోగం చేస్తూ సరదాకి చేస్తున్నామని సామాను ఖర్చుకే ఇచ్చేస్తే, అదే పని మీద బతికేవాళ్ల ధరని మీరే కిందకి లాగినట్టు.

రెండోది, 925 అని చెప్తే 925 ఉండాలి. తీగ కొన్న బిల్లు దాచుకోండి. పూత వేసిన తీగైతే పూత అనే చెప్పండి. అక్రిలిక్‌ని క్రిస్టల్ అని అమ్మకండి. జెల్లీ బెల్లీలు ప్లాస్టిక్ అని తెలిసే కొంటున్నారు జనం.

మూడోది, ఇంకొకరి డిజైన్ దింపకండి. మీ వీధిలో మీరు చూసే జంతువు మీకే తెలుసు. నా బ్రూచ్‌లలో ఎక్కువమంది అడిగేది మా సెల్లార్ కుక్కనే.

కొన్నాక ఎలా చూసుకోవాలి?

సెంటు, డియోడరెంట్ కొట్టుకోవడం అయ్యాకే బ్రూచ్ పెట్టుకోండి. వాటిలోని ఆల్కహాల్ తగిలితే అక్రిలిక్ మీద వెంట్రుకల్లాంటి పగుళ్లు వస్తాయి. శానిటైజర్‌తో తుడవడం అసలు వద్దు. వెండి నల్లబడేది గాలిలోని గంధకపు వాయువుల వల్ల. వాడనప్పుడు జిప్‌లాక్ కవర్లో గాలి తీసేసి పెడితే చాలాకాలం మెరుస్తుంది. నల్లబడితే వెండి తుడిచే గుడ్డతో తీగ మీద మాత్రమే మెల్లగా రుద్దండి. టూత్‌పేస్ట్ చిట్కా మన ఇళ్లలో ఫేమస్ కానీ, దానిలోని పొడికి అక్రిలిక్ మీద గీతలు పడతాయి. వేడినీళ్లూ వద్దు. పట్టుచీరకి పెట్టేటప్పుడు ఒక్క పొర మీద కాకుండా కుచ్చిళ్లు మడతపడ్డ చోట గుచ్చండి, దారం లాగకుండా ఉంటుంది.

చివరిగా ఒక్క మాట. ఈసారి ఎగ్జిబిషన్‌లోనో, కరీంనగర్ వెళ్లినప్పుడో వెండి తీగపని వస్తువు చేతిలోకి తీసుకుంటే, ఎన్ని గ్రాములని అడగండి, తప్పేం లేదు. ఆ వెంటనే "ఎన్ని రోజులు పట్టింది?" అని కూడా అడగండి. జవాబు విన్నాక బేరమాడాలనిపిస్తే మీ ఇష్టం.